మూగయింజనుకు గొంతు

శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో పాటలు కోరునవి ఎక్కువ. నాటకములను గూర్చిన మెప్పులు, ఆక్షేపణలు ఆ తరువాత వచ్చును. పాతబడిన బొమ్మరైలు ఇంజనుకు చవుకలో శబ్దము కల్పించుట ఎట్లు అని అడుగుచు ఒక ఉత్తరము వచ్చుట మా అనుభవములో ఇదియే మొదలు. అది ఉంగుటూరు నుండి వచ్చినది. వ్రాసినది డిగ్రీ చదువుచున్న ఒక అమ్మాయి.

ఉత్తరము సారాంశమిది. ఆమె తాతగారు రైల్వేలో ఫైర్‌మనుగా చేరి, గూడ్సు డ్రైవరుగా పదవీ విరమణ చేసినవారు. చాల యేండ్ల క్రిందట మదరాసు వెళ్ళినప్పుడు పాత సామానుల అంగడిలో ఒక బొమ్మ ఇంజనును, దాని టెండరును, కొన్ని పట్టాలను కొని తెచ్చిరి. అది బ్రిటనులో తయారైనది. 16.5 మిల్లీమీటర్ల వెడల్పు గల పట్టాలపై, 12 వోల్టుల విద్యుత్తుతో నడుచును. నేటికిని చక్కగా నడుచుచున్నది. తగ్గినది తాతగారి చూపు. నీటికాసుల వ్యాధివలన ఆయనకు మసక వెలుగు తప్ప మరేమియు కనబడుట లేదు. సాయంకాలము మనుమరాలు బండి నడిపినప్పుడు, “ఏదే, ఎక్కడుందిప్పుడు?” అని అడుగుచుందురట. ఇంజనులోని మోటారు కుట్టుమిషను వలె గుయ్యిమనును గాని, అది ఏ మూలనున్నదో ఆ చప్పుడునుబట్టి ఆయన పోల్చుకొనలేకున్నారు. శబ్దము చేయు పరికరములు విదేశములనుండి తెప్పింపవచ్చును గాని, మంచివి పదివేల రూపాయల పైమాట. “వెయ్యి రూపాయల్లో అవుతుందాండీ? రేడియో వాళ్ళు, మీకు తెలియకుండా ఉంటుందా?” అని ఆమె ఉత్తరము ముగించినది.

తెలియకుండ ఉండదన్న ఆ నమ్మకము మమ్ము కొంత ఇరుకున పెట్టినది. శబ్దము మా వృత్తియే. కాని అరచేతిలో ఇముడు ఇంజనులో దానిని కూర్చుట వేరొక విద్య. ఐనను మా కేంద్రములోని ఇంజనీరు మిత్రుని సాయముతో ప్రయత్నించితిమి. ఫలించినది, ఫలింపనిది రెండును ఇక్కడ చెప్పుచున్నాము. ఇట్టి పాత బొమ్మలు ఇండ్లలో నున్నవారికి ఉపయోగపడవచ్చును.

మొదట అసలు ఇంజను ఎట్లు పలుకునో తెలిసికొనవలెను. విజయవాడనుండి ఏలూరు, తాడేపల్లిగూడెముల మీదుగా సాగు రైలుమార్గము 1893 మొదలు 1896 వరకు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేగా కటకమువరకు నిర్మింపబడిన దారిలోని భాగము. ఆవిరియింజనులు పరుగిడినంతకాలము బాదంపూడి, చేబ్రోలు, కైకరముల చుట్టుపట్ల పల్లెలలో రైలుచప్పుడు గడియారము పని చేసినది. కొల్లేటివైపు లంకలలో రాత్రివేళ చాల దూరపు కూత కూడ చేరువగా వినబడుటకు కారణము లేకపోలేదు. చల్లబడిన నేలమీదను, నీటిమీదను చల్లనిగాలి పొర యొకటి నిలిచి, పైకి పోవలసిన ధ్వనిని తిరిగి క్రిందికి వంచును. మన దేశమున బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరియింజనుల నిత్యసేవ 1995తో ముగిసినది. కావున ముప్పదియేండ్లలోపు వారు ఆ శబ్దమును సినిమాలలో విన్నవారే గాని, పొలముగట్టున నిలువబడి విన్నవారు కారు.

“ఛుక్ ఛుక్” అని పిల్లలు అనుకరించు ఆ ధ్వని ఎక్కడినుండి పుట్టును? ఇంజనుకు రెండు ప్రక్కల ఒక్కొక్క సిలిండరు ఉండును. దానిలోని పిస్టను ముందునకు పోవునప్పుడొకసారి, వెనుకకు వచ్చునప్పుడొకసారి, పని ముగించుకొన్న ఆవిరి పొగగొట్టముగుండ వెలుపలికి దూకును. ఆ దూకుడే ఒక దెబ్బ. రెండు సిలిండరులకును కలిపి, చోదకచక్రము ఒక్కచుట్టు తిరుగునంతలో నాలుగు దెబ్బలు పడును. ఒక ప్రక్క క్రాంకుకంటె రెండవ ప్రక్కది సరిగా పావుచుట్టు ఎడముగా బిగింపబడియుండుటచేత ఈ నాలుగును సమానమైన వ్యవధితో పడుచుండును. సంగీతజ్ఞులు దీనిని చతురశ్రగతి యనిన మేము కాదనము. బ్రిటనులో ప్రసిద్ధికెక్కిన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ వంటి ఇంజనులకు మూడు సిలిండరులు గనుక వాని గతి ఆరు దెబ్బలది. మన డబ్ల్యూ.పి., డబ్ల్యూ.జి. తరగతులు రెండు సిలిండరులవి.

తాతగారు పనిచేసినది డబ్ల్యూ.జి. గూడ్సు ఇంజనుమీద. చిత్తరంజన్ కర్మాగారమునుండి 1950లో వెలువడిన తొలి ఇంజను ఆ తరగతిదే. దాని చోదకచక్రము అడ్డుకొలత సుమారు 1.56 మీటరులు. అనగా ఒక్కచుట్టుకు దాదాపు 4.9 మీటరుల దూరము సాగును. గంటకు 10 కిలోమీటర్ల వేగమున సెకండుకు రెండు దెబ్బలకంటె కొంచెము ఎక్కువ పడును. 40 కిలోమీటర్ల వేగమున తొమ్మిది పడును. 70 దగ్గర పదునారు. అప్పటికి చెవి లెక్కపెట్టజాలదు. దెబ్బలన్నియు కలిసిపోయి ఒకే ఉరుముగా వినబడును. స్టేషను విడుచునప్పటి మొదటి పది ఇరువది దెబ్బలే మన మనస్సులో నిలిచిన రైలు.

ఇక్కడ మా వృత్తిరహస్యమొకటి చెప్పవలెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. దానికి పేరు తెచ్చిన కార్యక్రమములలో నాటకములు ముఖ్యమైనవి. రికార్డు చేసిన శబ్దములు విరివిగా దొరకని దినములలో రేడియో నాటకమున రైలు కావలసినచో, ప్రపంచమంతట స్టూడియోలలో అనుసరించిన ఉపాయము ఒకటున్నది. గరుకుకాగితము అంటించిన రెండు చెక్కముక్కలను మైకు ముందర ఒకదానిపై నొకటి రుద్దుదురు. విడిగా వినినచో అది వడ్రంగి కొట్టు తప్ప రైలు కానే కాదు. కాని రుద్దు చేయి మొదట మందముగా, క్రమముగా వడి పెంచుచు, దెబ్బకు దెబ్బకు నడుమ ఎడము చెదరనీయకుండ సాగినచో శ్రోత కండ్లముందు బండి కదలును. చేయి తడబడెనా, ఎంత మంచి గరుకుకాగితమైనను వడ్రంగి కొట్టు మరల ప్రత్యక్షమగును. నాదములో లోపమును చెవి క్షమించును. తాళములో లోపమును క్షమింపదు.

బొమ్మలు చేయువారికిని ఈ సంగతి తెలియును. 1960ల చివర బ్రిటనులో ట్రైయాంగ్ హారన్‌బీ వారు కొన్ని ఇంజనుల టెండరులలో, చక్రము తిరుగునప్పుడు ఒరసికొని ఆవిరిదెబ్బవంటి ధ్వని పుట్టించు చిన్న యంత్రమును అమర్చి అమ్మిరి. అందు విద్యుత్పరికరమేదియు లేదు. అది స్టూడియోలోని గరుకుకాగితమే, చేతికి బదులు చక్రము రుద్దుచున్నది. అంతకు చాల ముందే, 1935లో, అమెరికాలో లయొనెల్ వారు బొమ్మరైలులో కూతను పెట్టిరి. నేటి ఖరీదైన పద్ధతి వేరు. పట్టాలగుండ విద్యుత్తుతోపాటు అంకెల రూపమున ఆజ్ఞలు పంపబడును. ఇంజనులోని బిళ్ళ వానిని చదివి మోటారును, దీపమును, శబ్దమును నడుపును. సొమ్మున్నవారికి అదియే ఉత్తమమని చెప్పుటకు మాకు సంకోచము లేదు. కాని పాత ఇంజనుకు దానిని అమర్చవలెనన్న మోటారును చట్రమునుండి విద్యుత్తు తగులకుండ వేరుచేయవలెను. పట్టాలకు విద్యుత్తునిచ్చు పెట్టెను కూడ మార్చవలెను. ఖర్చు బిళ్ళతో ఆగదు.

మేము మొదట చేసిన ప్రయత్నము అన్నిటికంటె సులభమైనది. అన్నిటికంటె పనికిరానిదియు అదే. మా శబ్దభాండారములోని ఆవిరియింజను రికార్డింగును అమ్మాయికి వినిపించి, ఆ ఇంటి సావడిలో పట్టాలు పరచిన చోట, మంచము క్రింద ఒక స్పీకరు పెట్టించితిమి. ధ్వని గంభీరముగానే ఉన్నది. పెద్ద స్పీకరుకు ఉండవలసిన మంద్రమంతయు ఉన్నది. ఐతే బండి గుమ్మమువైపు పోవుచుండ చప్పుడు మంచము క్రిందనే నిలిచియుండెను. బండి ఆగినను చప్పుడు ఆగలేదు. చూపున్నవారికి ఇది కొంత వినోదము కావచ్చును. తాతగారు రెండు నిమిషములు విని, “రేడియోలో నాటకం బావుంది. మన బండి ఎక్కడా?” అని అడిగిరి. ఆ ప్రశ్నతో మాకు దారి స్పష్టమైనది. శబ్దము బండిలోనుండియే రావలెను. దాని కాలమును చక్రమే నిర్ణయింపవలెను.

మనుష్యుడు శబ్దము వచ్చు దిక్కును ఎట్లు గుర్తించునో ఇక్కడ స్మరించుకొనుట అవసరము. ఒక ప్రక్కనుండి వచ్చు ధ్వని దగ్గరి చెవిని ముందుగను, రెండవదానిని వెనుకగను చేరును. ఆ తేడా సెకండులో వేయవ వంతుకంటె తక్కువ. మెదడు దానిని పట్టుకొని దిక్కును లెక్కగట్టును. ఒకే స్వరముతో సాగిపోవు గుయ్యిమను ధ్వనిలో ఈ తేడా చిక్కుట కష్టము. వర్షపు హోరువలె అన్ని స్వరములు కలిసినదై, ఉన్నట్టుండి మొదలగు ధ్వనిలో సులభము. మోటారు రొదనుబట్టి తాతగారు బండిని పోల్చుకొనలేకపోవుటకు ఇదియే కారణము. ఆవిరిదెబ్బ యనునది సరిగా రెండవ జాతి ధ్వని. ఆ అమ్మాయి కోరినది ముచ్చటకొరకు మాత్రమే కాదు, ఆయన కవసరమైన శబ్దమే అది.

ఇక పనితనము. ఇంజనులో చోటు లేదు, మోటారు నిండియున్నది. టెండరు మాత్రము డొల్ల. కొలిచి చూడగా చోదకచక్రము అడ్డుకొలత 24 మిల్లీమీటరులు, టెండరు చక్రము 12 మిల్లీమీటరులు తేలినవి. ఇది మా అదృష్టము. పెద్దచక్రము ఒక్కచుట్టు తిరుగునప్పటికి చిన్నచక్రము రెండుచుట్లు తిరుగును. కావున టెండరు చక్రము చుట్టుకు రెండు దెబ్బలు పుట్టించినచో పెద్దచక్రమునకు నాలుగు లెక్క సరిపోవును. కొలతలు వేరైనచోట లెక్కను వేరుగా కట్టుకొనవలెను. సరిగా సరిపోకపోయినను భయము లేదు. చుట్టుకు మూడు పాతిక దెబ్బలు పడుచున్నవని పట్టుకొనగల చెవి అరుదు.

టెండరు ఇరుసుమీద సన్ననికాగితపు పట్టీని జిగురుతో చుట్టలుచుట్టలుగా చుట్టి, ఆరు మిల్లీమీటరుల లావుగల చిన్న డప్పువంటి దానిని చేసితిమి. దానిమీద ఎదురెదురుగా రెండు పలుచని రాగిరేకు ముక్కలు అంటించితిమి. డప్పును తాకుచు రెండు సన్ననితీగలు ప్రక్కప్రక్కన నిలుచును. రాగిరేకు వచ్చినప్పుడు రెండు తీగలకును సంబంధము కుదురును. కాగితము వచ్చినప్పుడు తెగును. ఈ తీగలకొరకు అంగడికి పోనక్కరలేకపోయినది. స్టూడియోలో తెగిపోగా తీసివేసిన తంబురా మంద్రపు ఇత్తడితీగ చక్కగా పనికివచ్చినది. అయస్కాంతముతో పనిచేయు మీటను కూడ ఇరుసువద్ద వాడవచ్చును గాని, దానిని మేము కూతకొరకు దాచియుంచితిమి. రెండును ఒకేచోట ఉన్నచో ఒకదాని పని రెండవది చెరచును.

తీగలు గట్టిగా ఒత్తరాదు. మొదట మేము ఒత్తినంత గట్టిగా ఒత్తినచో తేలికైన టెండరు చక్రములు తిరుగుట మాని పట్టాలపై జారును. బండి పోవుచుండును, శబ్దము మాత్రము నత్తినత్తిగా వచ్చును. బ్యాటరీని ఆ ఇరుసుపైననే కూర్చుండబెట్టినచో బరువుపడి చక్రము జారదు. ఐతే బరువు మితిమీరినచో పాత ఇంజను ఎక్కువ పెట్టెలు లాగలేదు. మా బండి నాలుగు పెట్టెలనుండి మూడింటికి దిగినది.

దెబ్బ యొక్క నాదము ఎచ్చటినుండి వచ్చును? రికార్డు చేసిన పాటలు వాయించు చిన్నబిళ్ళలు అంగళ్ళలో నూటయేబది, రెండువందల రూపాయలకు దొరకుచున్నవి. దానినే వాడుదమని తొందరపడితిమి. అది మీట నొక్కిన తరువాత రికార్డును వెదకి వాయించుటకు సెకండులో పదవవంతో, ఇంకను ఎక్కువయో తీసికొనును. సెకండుకు ఎనిమిది దెబ్బలు కావలసినచోట అది చాలదు. కూతకు ఆ ఆలస్యము అడ్డము కాదు గనుక ఆ బిళ్ళను కూతకు కేటాయించి, దెబ్బలకొరకు ఎనిమిది కాళ్ళుగల ‘ఏటీ టైనీ 85’ అను చిప్పును తెచ్చితిమి. దానికి కావలసిన ప్రోగ్రామును అమ్మాయియే వ్రాసినది. సెకండుకు వేలసారులు నాణెమెగురవేసి బొమ్మా బొరుసా అని చూచుచున్నట్లు ఆ చిప్పు క్రమములేని అంకెలను పుట్టించును. వానిని స్పీకరుకు పంపినచో హోరుమను ధ్వని వచ్చును. ఆ హోరును రాగిరేకు తాకిన క్షణమున ఒక్కసారిగా విడిచి, సెకండులో పదవవంతు లోపల అణచివేసినచో అదియే ఆవిరిదెబ్బ.

దీనికి అమ్మాయి తనంతట తానుగా చేర్చిన ఒక మెరుగు మాకు మిక్కిలి నచ్చినది. అసలు ఇంజను బయలుదేరునప్పుడు ఆవిరి ఎక్కువగా పట్టి దెబ్బ బిగ్గరగా, ఘాటుగా ఉండును. వేగము కుదిరిన తరువాత మెత్తబడును. డ్రైవరు ఆవిరి కట్టివేసి బండిని దొరలనిచ్చునప్పుడు దెబ్బయే ఉండదు, కడ్డీల గలగల మాత్రము మిగులును. చిప్పు ప్రతి దెబ్బకును ముందుదెబ్బకును నడుమనున్న వ్యవధిని కొలుచుచునే ఉండును గదా. ఆ వ్యవధి తగ్గుచున్నచో బండి వేగము పుంజుకొనుచున్నదని గ్రహించి ధ్వనిని పెంచును. పెరుగుచున్నచో బండి నెమ్మదించుచున్నదని ధ్వనిని తగ్గించును. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. పదివేల రూపాయల బిళ్ళ చేయు పనిలో సగము ఈ నాలుగు పంక్తుల లెక్క చేసిపెట్టినది.

స్పీకరు విషయమున పొదుపు పేరిట చేయు తప్పు ఒకటున్నది. 28 మిల్లీమీటరుల చిన్నస్పీకరును ఊరక తీగలకు వ్రేలాడదీసి, “ధ్వని చాలలేదు” అని పెద్ద ఆంప్లిఫయరు కొందురు. స్పీకరు ముందు భాగము గాలిని నెట్టునప్పుడు వెనుక భాగము లాగును. రెండును కలిసినచో ఒకదాని నొకటి చంపుకొనును. వెనుకభాగమును గాలి పోకుండ మూసినచో అదే స్పీకరు రెండింతలు పలికినట్లుండును. మేము టెండరు నడుమ ఒక అట్టగోడను కట్టి, అంచులను మైనముతో పూడ్చి, బొగ్గు నింపుచోట స్పీకరును పైకి చూచునట్లు అమర్చి, దానిమీద పలుచని నల్లనిగుడ్డ కప్పితిమి. గుడ్డమీద అక్కడక్కడ నాలుగు బొగ్గునలుసులు అంటించినది కూడ అమ్మాయియే. ఇంత చిన్న స్పీకరులో మంద్రము పలుకదు. పలికింప యత్నించినచో గరగరలాడును. చిప్పునుండి వచ్చు ధ్వనిలో మంద్రమును ముందుగనే తగ్గించుట మేలు.

ఇంటిలోనున్నది డీజిలింజను బొమ్మ ఐనచో కష్టమంతయు ఇక్కడనే. 1962నుండి మన దేశమున నడచిన డబ్ల్యూ.డి.ఎమ్.2 తరగతికి పదునారు సిలిండరులు. నిమిషమునకు 400 చుట్లతో ఊరక నిలిచియున్నప్పుడు సెకండుకు సుమారు 53 సారులు మండును. అంతటి మంద్రము చిన్నస్పీకరుకు అందని వస్తువు. పైగా దాని ఇంజను వడి చక్రమునుబట్టి కాక డ్రైవరు చేతిలోని మీటనుబట్టి మారును గనుక రాగిరేకు ఉపాయము పనికిరాదు. చవుకలో పలుకునది ఆవిరియింజనే.

విద్యుత్తు విషయము. పట్టాలలోని విద్యుత్తుతో శబ్దమును నడుపవచ్చును గాని, బండి మెల్లగా పోవునప్పుడు వోల్టులు తగ్గి చిప్పు నిద్రపోవును. ఆగినచో పూర్తిగా మూగవోవును. అసలు ఆవిరియింజను ఆగియున్నప్పుడును ఊపిరి తీయుచునే ఉండును. కావున 3.7 వోల్టుల చిన్న లిథియము బ్యాటరీని, లోపల రక్షణబిళ్ళ ఉన్నదానిని ఎంచి, టెండరులో ఉంచితిమి. దానికి నేరుగా టంకము పెట్టరాదు. దానికని చేసిన ఛార్జింగు బిళ్ళతో తప్ప మరొకదానితో ఛార్జి చేయరాదు. పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు ఛార్జి చేయనీయరాదు.

మరియొక మాట రేడియోగల ఇండ్లవారికి ప్రత్యేకించి చెప్పవలసినది. పాత మోటారు బ్రష్షుల వద్ద నిప్పురవ్వలు లేచుచుండును. బండి నడుచుచున్నంతసేపు ప్రక్కగదిలోని మీడియం వేవ్ ప్రసారములో చిటపటలు వినబడుటకు అదియే కారణము. కొందరు శ్రోతలు ఇట్టి చిటపటలకు మా ట్రాన్స్‌మిటరును నిందించిన సందర్భములున్నవి. బ్రష్షుల నడుమ 0.1 మైక్రోఫారడు కండెన్సరు ఒకటి కలిపినచో రవ్వల రొద చాల తగ్గును. చిప్పు కూడ తికమకపడదు.

పనియంతయు ముగిసిన సాయంకాలము మేము ఉంగుటూరు వెళ్ళితిమి. ప్రోగ్రామును చిప్పులోనికి ఎక్కించుటకు అమ్మాయి కళాశాలనుండి అరువు తెచ్చిన బోర్డు ఖర్చు విడిచి, చిప్పు, ఆంప్లిఫయరు, పాటబిళ్ళ, మెమొరీకార్డు, స్పీకరు, బ్యాటరీ, దాని ఛార్జింగు బిళ్ళ అన్నియు కలిసి వేయిరూపాయలలోపే ఐనవి. తాతగారు పడకకుర్చీలో కూర్చుండిరి. బండి కదలినది. ఛుక్కుమనుచు సావడి చుట్టి వచ్చినది. మేమందరము సంతోషించితిమి. తాతగారు మాత్రము తల ఒక ప్రక్కకు వంచి మరియొక చుట్టు వినిరి.

“ఏవండీ, బీటు కుంటుతోందండీ,” అనిరి. “ఒకటి దగ్గరా, ఒకటి దూరం. ఇట్లాంటి బండి షెడ్డుకొస్తే వాల్వులు చూడమని రాసేవాళ్ళం.”

మేము మర్యాదకైనను కాదనలేకపోతిమి. ఆవిరియింజనులో కవాటముల అమరిక తప్పినచో దెబ్బల ఎడము చెడును. చూడకయే, విని లోపము చెప్పుట డ్రైవరులకును ఫైర్‌మనులకును నిత్యకృత్యము. టెండరు విప్పి చూచితిమి. డప్పు చుట్టుకొలత దాదాపు 19 మిల్లీమీటరులు. రాగిరేకుల ముందంచులు తొమ్మిదిన్నర, తొమ్మిదిన్నరగా ఉండవలసినవి ఎనిమిదియు పదకొండుగా ఉన్నవి. మిల్లీమీటరున్నర తప్పు. మా ఇంజనీరు మిత్రుడు దానిని కంటితో చూచి సరేననిన మనిషి. అంచును గోటితో లేపి, కొలిచి, మరల అంటించుటకు అరగంట పట్టినది. ఈసారి బండి రెండు చుట్లు తిరిగినను తాతగారు పలుకలేదు. మూడవచుట్టులో వ్రేలు చాచి, బండి పోవుచున్న వైపునకే మెల్లగా త్రిప్పుచు వచ్చిరి. వ్రేలు గుమ్మమును దాటి, బీరువా ప్రక్కగా సాగి, తిరిగి కుర్చీవద్దకు చేరినది. బండియు చేరినది.

కూత సంగతి చివరకు మిగిలినది. టెండరు అడుగున అయస్కాంతపు మీట నొకదానిని బిగించి, పట్టాల నడుమ చిన్న అయస్కాంతమును పెట్టినచో, బండి దాని మీదుగా పోవునప్పుడు కూయును. మేము వెంట తెచ్చిన నాలుగు కూతలలో మూడింటిని ఆయన విన్నంతనే త్రోసివేసిరి. నాలుగవది, అంత స్పష్టముగా రికార్డు కానిది, నిలిచినది. లెవెలు క్రాసింగు గేటుబొమ్మ ఆయన కుర్చీ ప్రక్కనే ఉన్నది గనుక అయస్కాంతమును దానికి జానెడు ముందర పెట్టితిమి. బండి వచ్చినది, కూసినది, గేటు దాటినది.

“గేటుమీదకొచ్చి కూస్తే ఎవడు తప్పుకుంటాడండీ?” అనిరి తాతగారు. “విజిల్ బోర్డు గేటుకి ఆరొందల మీటర్ల ముందుంటుంది.”

డబ్ల్యూ, ఎల్ అను అక్షరములు గల ఆ పసుపుపచ్చని పలకను రైలులో పోవువారందరును చూచియే ఉందురు. అమ్మాయి కాగితము తీసి లెక్క కట్టినది. బొమ్మ అసలుదానిలో 76వ వంతు. 600 మీటరులను 76తో భాగింపగా 7 మీటరుల 90 సెంటీమీటరులు. సావడిలోని పట్టాల చుట్టంతయు కలిసియు అంత లేదు. తాతగారితో కొంత వాదము జరిగి, తుదకు అయస్కాంతము గేటుకు సరిగా ఎదురుమూలన, బీరువా క్రిందికి మారినది.